మేస్త్రితో కాగితం రాసుకోవడం ఎలా: టేపుకి అందేదే రాయండి

2019లో రాజోలు దగ్గర మా ఊళ్ళో ఇల్లు మొదలెట్టాను. లేబర్ కాంట్రాక్టు, చదరపు అడుగుకి 280 రూపాయలు, మెటీరియల్ అంతా నాదే. మేస్త్రి మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన మనిషి, కాగితం అంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని మొహమాటపడి ఏమీ రాయలేదు, తాంబూలంలో 10,116 పెట్టి చేతిలో పెట్టేశా, అంతే. స్లాబు పడ్డాక అరుగు మీద లెక్కకి కూర్చున్నాం.

"బాబుగారూ, 1,496 అడుగులొచ్చిందండి."

"1,200 కదా మేస్త్రీ. ముగ్గు పోసినప్పుడే కొలిచాం కదా, 30కి 40."

"అది గోడల లెక్కండి. నేను పోసింది స్లాబు కదండి. నాలుగు పక్కలా రెండేసి అడుగులు బయటికి లాగించింది మీరే కదా, 34కి 44 అయింది. ఎంత పోస్తే అంతండి, ఊరంతా ఇదే లెక్క."

తేడా 296 అడుగులు. 280 పెట్టి గుణిస్తే 82,880 రూపాయలు. ఆయన మోసం చేశాడని నేననను, ఇద్దరి బుర్రల్లో రెండు లెక్కలున్నాయి, రెండూ కాగితం మీదకి రాలేదు. పెద్దమనుషులు కూర్చుని చెరిసగం అన్నారు, 41,440 కట్టాను. ఆ తర్వాత మా చుట్టాలవీ స్నేహితులవీ ఇలాంటి తగువులు చాలా చూశాను, పాలకొల్లు నుంచి ముమ్మిడివరం దాకా, అన్నీ దాదాపు కొలత దగ్గరే మొదలవుతాయి. అంచేత నా సలహా ఒక్కటేనండి, అగ్రిమెంట్లో ప్రతి లైనూ టేపుతో గానీ క్యాలెండర్‌తో గానీ లెక్కతో గానీ చూసుకోగలిగేలా ఉండాలి. "నాణ్యంగా కట్టాలి", "త్వరగా పూర్తి చేయాలి" లాంటివి రాసినా ఒకటే రాయకపోయినా ఒకటే.

ముందు కాంట్రాక్టు ఏ రకమో తేల్చుకోండి. మెటీరియల్ మీది పని వాళ్ళది అయితే లేబర్ కాంట్రాక్టు, రెండూ వాళ్ళవే అయితే మెటీరియల్‌తో సహా. మెటీరియల్‌తో సహా అయితే జీఎస్టీ రేటులో కలిసే ఉందా విడిగానా అన్నది తప్పకుండా రాయించండి, ఇలా రెండూ కలిసిన వర్క్స్ కాంట్రాక్టు మీద 18 శాతం అంటే చిన్న విషయం కాదు, చివరి బిల్లులో చూసి గుండె పట్టుకున్నవాళ్ళున్నారు.

ఇక కొలత. "స్లాబు ఏరియా" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. బయటికి వచ్చిన స్లాబు పూర్తిగా లెక్కా, సగమా, అసలు లేదా? బాల్కనీ? మెట్ల పైన హెడ్‌రూమ్? సజ్జాలు, అరలు, పారాపెట్ గోడ, ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంకు, వంటింటి గట్టు, ఇవన్నీ అడుగు రేటులో కలిసినవా విడి రేటా? మావైపు పల్లపు చేను మెరక తోలించి కట్టే ఇళ్ళే ఎక్కువ కాబట్టి ఇంకోటి కూడా ఉంది, బేస్‌మెంట్ ఎత్తు, అంటే ఇంటి నేల ఎంత ఎత్తున ఉండాలన్నది. రోడ్డు మట్టం నుంచి మూడడుగులని మీరనుకుంటారు, ఆయన స్థలం మట్టం నుంచి మూడడుగులనుకుంటాడు, మధ్యలో పంచాయతీ వాళ్ళు రోడ్డు ఇంకో అరడుగు లేపుతారు. ఎదురుగా మారని గుర్తు ఏదైనా, కల్వర్టు గట్టో కరెంటు స్తంభం దిమ్మో చూసి, దాని మీద పెయింటుతో గీత గీసి "ఈ గీత నుంచి ఇన్ని అడుగులు" అని రాయండి. ప్లాను జిరాక్సు మీద లెక్కలో కలిసేదంతా పసుపు రంగు వేసి, ఇద్దరూ దాని మీదే సంతకం పెట్టి అగ్రిమెంటుకి పిన్ను కొట్టేయండి. నాలుగు పేజీల భాష చేయలేని పని ఆ పసుపు రంగు చేస్తుంది, నిజం.

డబ్బు విషయం. డబ్బు పని కంటే ముందు నడిచిందా, మీ మాటకి విలువ పోయినట్టే. మేస్త్రీలకి స్లాబు దాకా హుషారు, స్లాబు పడ్డాక గోడలూ ప్లాస్టరింగూ వచ్చేసరికి మిగులు తక్కువ, చాకిరీ ఎక్కువ, అప్పుడే ఇంకో సైటు పిలుస్తుంది. అందుకని స్లాబు దగ్గర ఎక్కువ పెట్టకుండా వెనక భాగం బరువుగా ఉంచాలి. మా తమ్ముడి ఇంటికి నేను రాసినది: అడ్వాన్సు 5 శాతం, ప్లింత్ (ఇంటి నేల మట్టం దాకా పునాది పని) అయ్యాక 15, స్లాబు పడి సెంట్రింగ్ (కింద ఆనించిన పలకలు, పోట్లు) విప్పాక 25, గోడలు 15, ప్లాస్టరింగ్ 15, ఫ్లోరింగ్ 12, తాళాలిచ్చిన రోజు 8, ఒక వర్షాకాలం గడిచాక 5. "స్లాబు పడ్డాక" కాదు, "సెంట్రింగ్ విప్పాక" అని రాశానని చూడండి, ఆ తేడా కావాలనే పెట్టాను. ఆ చివరి 5 శాతం గురించి బేరం గట్టిగానే జరుగుతుంది, అయినా వదలకండి, మొదటి వానాకాలంలో కారేదేదో కారిపోతుంది, అప్పటిదాకా ఆయన ఫోను ఎత్తుతాడు. తగువు రానివ్వకుండా దానికీ తేదీ పెట్టండి, "నవంబరు 30 లోపు కారుడు, చెమ్మ లేకపోతే డిసెంబరు 10కి ఇవ్వాలి" అని. లేకపోతే మనమూ ఎగ్గొట్టే రకమే అయిపోతాం, అలాంటి ఓనర్లు కూడా బోలెడంతమంది.

వారం వారం కూలీ బత్తాకని తీసుకెళ్ళే డబ్బు ఫోన్‌పేలో వేసి కింద "ప్లింత్ స్టేజీ సొమ్ములో తగ్గించేది" అని నోటు రాయండి. క్యాషైతే నోట్‌బుక్కులో సంతకం.

ఎక్స్‌ట్రా పనుల దగ్గర మనదే తప్పు ఎక్కువ. అమ్మగారొచ్చి పూజగది ఇటు తిప్పమంటారు, మీరు సరే అంటారు, మేస్త్రి తిప్పుతాడు, రేటు మాట ఎవరూ ఎత్తరు. మాట అనుకోలేదు కదా ఇవ్వను అంటే కుదరదండి, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ ఉంది, ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా ఒకడు పని చేసి ఇంకొకడు దాని లాభం అనుభవిస్తే తగిన సొమ్ము ఇవ్వాల్సిందే. కాబట్టి అగ్రిమెంట్లో ఒక్క వాక్యం: "అదనపు పని ఏదైనా చేసే ముందు రేటు వాట్సాప్‌లో ఇద్దరూ ఒప్పుకోవాలి, అలా ఒప్పుకోని పనికి రోజు కూలి లెక్క మాత్రమే." ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోను మార్చినా బ్యాకప్ ఉంచుకోండి. కోర్టుకి వెళ్తే స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, అది లాయరు చూసుకుంటాడు.

గడువు. ఇక్కడ మన ప్రాంతం సంగతి తెలియకుండా హైదరాబాదు నుంచి తెచ్చుకున్న నమూనా కాగితాలు అసలు పనికిరావు. కాలువలు కట్టేసినప్పుడే పునాది గోతులు తవ్వాలి, జూన్‌లో నీళ్ళు వదిలారంటే మూడడుగుల్లోనే ఊట మొదలు, ఇంజన్ పెట్టి తోడుతూ కాంక్రీటు పోయాలి, ఆ డీజిల్ ఎవరిదన్నది ఇంకో తగువు. సంక్రాంతి మూడు రోజులని క్యాలెండర్లో ఉంటుంది కానీ భీమవరం వైపు పని మళ్ళీ మొదలయ్యేసరికి ఎన్ని రోజులో మీకే తెలుసు, కోతలప్పుడు మనుషులు దొరకరు, మూఢంలో మనమే ముహూర్తం వద్దంటాం. ఇవన్నీ ముందే తెలిసినవి కాబట్టి ముందే లెక్కేసి, 8 నెలల పనికి 10 నెలలు రాసుకోండి, రాసుకున్నాక మళ్ళీ పండగ పేరు చెప్పకూడదు.

తెలియనిది గోదారి. ప్రకృతి వైపరీత్యాలు అని మామూలుగా రాస్తే నాలుగు చినుకులు పడ్డా వైపరీత్యమే అంటారు. కొలత పెట్టండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది అందరికీ టీవీలో కనిపించే లెక్క. 2022 జూలైలో మూడోది కూడా దాటిపోయి లంకలన్నీ మునిగినప్పుడు మా తమ్ముడి సైటుకి 19 రోజులు ఇసుక బండి రాలేదు, తమ్ముడి కాగితంలో ఇలా ఉంది కాబట్టి మాట తేడా రాలేదు: "ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక అమల్లో ఉండి, సైటులోకి గానీ సైటుకి వచ్చే దారిలోకి గానీ నీరు చేరిన రోజులు గడువుకి కలుస్తాయి. నీరు తీసిన 7 రోజుల్లో పని మళ్ళీ మొదలెట్టాలి. రోజూ తేదీ కనిపించే ఫొటో పంపాలి." వరద రోజుల్లో ఏట్లోంచి ఇసుక తీసే ర్యాంపులు ఆగిపోతే ఇసుక రాకపోవడం కూడా ఉంటుంది, లేబర్ కాంట్రాక్టులో ఇసుక మీది కాబట్టి ఆ ఆలస్యం కూడా మీదే, మనుషుల్ని ఖాళీగా కూర్చోబెడితే ఎన్ని రోజుల తర్వాత ఖాళీ కూలి ఇస్తారో అదీ రాయాలి. న్యాయం రెండువైపులా ఉంటేనే ఆ కాగితం నిలబడుతుంది.

ఆలస్యానికి రోజుకింత అని జరిమానా రాస్తారు కదా, దాని మీద రెండు సంగతులు. రోజుకి 5,000 అని రాసేసి 100 రోజులకి 5 లక్షలు వచ్చేస్తాయనుకోకండి, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కాగితంలో రాసింది గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు అందులోంచి సబబు అనిపించినంతే ఇప్పిస్తుంది. కాబట్టి మీరు కట్టే అద్దె, బ్యాంకు వడ్డీ లెక్కేసుకుని ఓ 500, 600 రాయండి, అది నిలబడుతుంది. రెండోది చాలామందికి తెలీదు. గడువు దాటినా నోరు మూసుకుని పని చేయించుకుంటూ పోయి, ఇల్లయ్యాక నష్టం కావాలంటే అదే చట్టంలో 55వ సెక్షన్ అడ్డం పడుతుంది, ఆలస్యపు పనిని ఒప్పుకునేటప్పుడే "నష్టం అడిగే హక్కు ఉంచుకుంటున్నాను" అని చెప్పి ఉండాలి. గడువు తేదీ రాత్రే ఒక మెసేజ్ పెట్టండి: "మేస్త్రిగారూ, ఇవాళ్టికి గడువు అయిపోయింది, పని కొనసాగించండి, ఆలస్యం లెక్క అగ్రిమెంటు ప్రకారం చూసుకుందాం." మర్యాదగానే ఉంది కదా.

ఇప్పుడు అసలు పూచీ సంగతికొద్దాం, పగిలినా కూలినా ఎవరిది? నా బండ లెక్క, ఎవరు తెచ్చారో వాళ్ళది, ఎవరు చెప్పారో వాళ్ళది. లేబర్ కాంట్రాక్టులో ఇదే పెద్ద ఉరి. అంతర్వేది, మొగల్తూరు పక్క సముద్రం గాలి తగిలే ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్ళతోనే కాంక్రీటు కలిపి ఆ నీళ్ళతోనే తడుపుతాం, కొన్నేళ్ళకి బీము అడుగున తుప్పు మరకలూ పెచ్చులూ. మేస్త్రిని నిలదీస్తే "నీళ్ళు మీవే కదండి" అంటాడు, అది నిజమే. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 కోడ్‌లో రాడ్డు వేసే కాంక్రీటు నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది, నీళ్ళు పరీక్ష చేయించి ఆ కాగితం అగ్రిమెంటుకి తగిలించండి, దాటితే ట్యాంకరు ఎవరు తేవాలో రాయండి. అదే కోడ్ తీరపు గాలి తగిలే చోట ఎం30 గ్రేడు కాంక్రీటు, రాడ్డు మీద 45 ఎంఎం కవరు (రాడ్డుని కప్పే కాంక్రీటు మందం) అంటుంది, మన దగ్గర మేస్త్రీలు అలవాటుగా ఎం20 కలిపి రాడ్డు కింద ఎత్తుకి 20 ఎంఎం బిళ్ళలు పెడతారు. కవరు బిళ్ళ మందం ఎంతో కాగితంలో ఉంటే, పోసే రోజు పొద్దున్న మీరే టేపు పెట్టి చూసుకోవచ్చు, ఇంజనీరు కూడా అక్కర్లేదు.

సెంట్రింగ్ ఎన్నాళ్ళకి విప్పాలో కూడా రాయండి. ఓపీసీ అనే మామూలు సిమెంటుకి 15 అడుగుల లోపు స్లాబు కింద పోట్లు 7 రోజులు, అంతకన్నా వెడల్పుంటే 14, బీములకి 20 అడుగుల లోపైతే 14, దాటితే 21, కోడ్ లెక్క ఇంచుమించు ఇది. మావైపు షాపుల్లో దొరికేది ఎక్కువ బూడిద కలిపిన పీపీసీ, అది నెమ్మదిగా గట్టిపడుతుంది, అన్నిటికీ 21 అని రాసేయండి, సెంట్రింగ్ అద్దె పెరుగుతుందని గొణిగితే గొణగనివ్వండి. స్లాబు రోజు అదే కాంక్రీటుతో 150 ఎంఎం క్యూబులు ఓ ఆరు పోయించి 28 రోజులకి పరీక్షకి పంపండి, దగ్గర్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులోనైనా చేస్తారేమో కనుక్కోండి. ఆ రిజల్టు మీ ఇంటి దస్తావేజంత విలువైంది.

స్ట్రక్చర్ డ్రాయింగ్ ఇంజనీరు సంతకంతో ఉండి మేస్త్రి దాని ప్రకారం చేశాడా, డిజైన్ తప్పు ఇంజనీరుది. డ్రాయింగులో 16 ఎంఎం ఉంటే మేస్త్రి 12 వేశాడా, ఆయనది. "పరవాలేదు మేస్త్రీ, రాడ్డు రేటు పెరిగింది తగ్గించు" అని మీరన్నారా, ఇంక ఎవరినీ అడగడానికి లేదు.

మనిషికి ఏదైనా అయితే? ఇది రాయాలంటే చెయ్యి రాదు కానీ రాయాలి. పక్క ఊళ్ళో ఒక సైటులో సెంట్రింగ్ కుర్రాడు మొదటి అంతస్తు నుంచి పడిపోయాడు, ప్రాణం దక్కింది, నడుం పోయింది. మేస్త్రి వారం కనబడలేదు, కుర్రాడి వాళ్ళంతా ఓనరు గుమ్మంలో కూర్చున్నారు. చట్టంలో సొంతిల్లు కట్టుకునేవాడూ, కట్టి అమ్మే వ్యాపారస్తుడూ ఒకటి కాదు, వ్యాపారంగా కట్టేవాళ్ళయితే కాంట్రాక్టరు కూలీకి కూడా కట్టించేవాడే పరిహారం ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. సొంతింటి ఓనరుకి కొంత వెసులుబాటు ఉన్నా గుమ్మంలో కూర్చున్నవాళ్ళకి సెక్షన్లు చెప్పలేం. నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే క్రిమినల్ కేసు వేరు, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు, దాన్ని ఏ అగ్రిమెంటూ ఇంకొకళ్ళ మీదకి తోయలేదు. అందుకని పని మొదలెట్టే ముందే వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ తీయించండి, మేస్త్రి పేరు మీద తీసి ప్రీమియం మీరు కట్టినా పర్లేదు, ఇల్లు మొత్తం ఖర్చులో అది ఓ మూల. పాలసీ నంబరు అగ్రిమెంటులో రాసేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

పక్కింటి గోడ ఇంకో బాధ. మనం గోతిలో నీళ్ళు తోడేస్తుంటే పక్కవాళ్ళ పాత పెంకుటింటి కింద మట్టి కూడా జారుతుంది. నష్టం మేస్త్రి భరించాలని మీరు రాసుకున్నా ఆ కాగితం మీ ఇద్దరి మధ్యే, పక్కింటాయన మిమ్మల్నే పట్టుకుంటాడు, మీరు కట్టి తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవాలి. తవ్వకానికి ముందు రోజు ఆయన్ని పిలిచి, ఆయన గోడకి అప్పటికే ఉన్న బీటలన్నీ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, ఆయన ఫోనుకే పంపించండి. మంచిమాటగా, "బాబాయ్‌గారూ, రేపు మనకి తేడా రాకూడదని" అంటే ఎవరూ కాదనరు.

బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చేవాళ్ళకి, ఫ్లాటు కొనేవాళ్ళకి రెండు ముక్కలు. బిల్డర్ల మీద నిఘాకి వచ్చిన 2016 రెరా చట్టంలో స్ట్రక్చర్ లోపం ఐదేళ్ళలో బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ స్థలం 500 చదరపు మీటర్ల లోపు, అంటే మన లెక్కలో 12 సెంట్ల పైచిలుకు, లేదా 8 ఫ్లాట్ల లోపు అయితే రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు, మన టౌన్లలో 10 సెంట్లలో లేచే అపార్టుమెంట్లు అలా బయటే ఉండిపోతాయి. అలాంటిచోట ఆ ఐదేళ్ళు, 30 రోజులు అన్న మాటల్ని మీ అగ్రిమెంట్లోనే దింపించుకోండి. స్థలం ఇచ్చిన ఓనరు కూడా వినియోగదారుడేనని ఫకీర్ చంద్ గులాటి కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

అన్నీ రాసినా మేస్త్రి మధ్యలో వదిలేసి పోతే? కోపంతో మర్నాడే కొత్త మేస్త్రిని దింపకండి, పాతాయన ఎంత చేశాడో కొత్తాయన ఎంత చేశాడో ఆ పైన దేవుడు కూడా చెప్పలేడు. ముందు 7 రోజుల టైమిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు, అదే ఫొటో తీసి వాట్సాప్‌లో. రాకపోతే ఒక ఇంజనీరుని, ఇద్దరు సాక్షుల్ని పెట్టి అయిన పనంతా కొలిపించి, వీడియో తీసి, కాగితం మీద సంతకాలు తీసుకోండి. ఆ తర్వాత కొత్తవాళ్ళని మామూలు రేటుకే పెట్టండి, పాత రేటుకీ దీనికీ తేడా కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద అడగొచ్చు, కానీ కావాలని ఖరీదైనవాణ్ణి తెస్తే ఆ ఎక్కువ రాదు.

పెద్దమనుషుల దగ్గర తేలిపోతే అంతకంటే ఏం కావాలి, కాకపోతే ఆ రాజీని నోటిమాటగా వదలొద్దు. కోర్టు ప్రాంగణంలో ఉండే మండల న్యాయసేవా కమిటీలో కేసు వేయకముందే అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కుదరకపోతే వినియోగదారుల కమిషన్, ఇల్లు కట్టడం కూడా సేవే, 5 లక్షల లోపు చెల్లింపులకి ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కానీ రెండేళ్ళ లోపే. సివిల్ కోర్టుకైతే మూడేళ్ళు. "చూద్దాంలే, సంక్రాంతి వెళ్ళాక అడుగుదాం" అంటూ మూడు సంక్రాంతులు గడిపినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.

స్టాంపు పేపరు సంతకాల తేదీకి ముందు కొన్నదై ఉండాలి, మీ ఇద్దరిలో ఒకరి పేరున ఉండాలి. ఎంత స్టాంపు కావాలో దస్తావేజు లేఖరిని కాకుండా లాయర్ని అడగండి, తక్కువ పెడితే కోర్టు ఆ కాగితాన్ని పక్కన పెట్టి లోటుకి పదిరెట్ల దాకా జరిమానా కట్టమనొచ్చు. ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు, సాక్షులు చెరోవైపు నుంచి ఒకరు, కాపీ ఇద్దరికీ. మేస్త్రికి చదువు రాకపోతే ఆయన కొడుకునో కూతురినో పక్కన కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించి, వినిపించామని కూడా చివర్లో రాయండి. మా తమ్ముడి ఇంటికి అలా చదువుతుంటే మేస్త్రి వాళ్ళమ్మాయి, పాలిటెక్నిక్ చదువుతోంది, పసుపు రంగు ప్లాను చూసి "అంకుల్, మెట్ల కింద బాత్రూమ్‌కి రంగు వేయలేదండి" అంది. అప్పటికప్పుడు రంగు వేసి, 22 అడుగులు కలిపి, అప్పుడు సంతకాలు పెట్టాం.